ఎండిన మోడులోంచి గబ్బిలాలు వెళ్ళిపోయాయి: చెట్టు కొట్టివేయవచ్చా?

అడవంచు రైతు (ప్రశ్న)

నల్లమల అంచున, మా మామిడి తోటకూ అడవికీ మధ్య ఉన్న గట్టు మీద ఒక పెద్ద ఇప్పచెట్టు ఎండి మోడుగా నిలిచి ఉంది. రెండు నిలువుల ఎత్తున దాని బెరడు కాండాన్ని వదిలి, కిందివైపు వేలు పట్టేంత సందు ఏర్పడింది. ఈ వేసవిలో పొద్దు గుంకిన కాసేపటికి ఆ సందులోంచి చిన్న గబ్బిలాలు ఒక్కొక్కటిగా కిందికి జారి, నేలకు కొంచెం పైన రెక్కలు విప్పుకొని అడవి వైపు వెళ్ళడం తరచుగా చూశాను. కొన్నాళ్ళుగా ఒక్కటీ కనిపించడం లేదు.

అవి ఎలాగూ పోయాయి కనుక వానలు ముదరకముందే మోడును కొట్టి వంటచెరకుకు వాడుకుందామని మా అన్నయ్య అంటున్నారు. గాలివానకు అది మామిడి చెట్ల మీద పడుతుందన్న భయం కూడా ఆయనకు ఉంది. ఆ గబ్బిలాలు చనిపోయాయా, వేరే చోటికి వెళ్ళాయా, మళ్ళీ వస్తాయా? చుట్టూ ఇన్ని పచ్చని చెట్లు ఉండగా రోజంతా ఎండ తగిలే ఎండు చెట్టునే అవి ఎందుకు ఎంచుకున్నాయన్నది నా రెండో సందేహం.

తొర్రపక్షి (జవాబు)

అవి చనిపోయాయని అనుకోనక్కరలేదు. చెట్లలో నివసించే పురుగుతిండి గబ్బిలాలు ఒకే చెట్టును అంటిపెట్టుకుని ఉండవు. ఈ విషయాన్ని బాగా లోతుగా పరిశీలించినది జర్మనీలోని వుర్జ్‌బుర్గ్ పరిసర అడవుల్లో. బెక్‌స్టైన్ గబ్బిలం అనే జాతిలో ఒక్కొక్క ఆడ గబ్బిలానికి చర్మం కింద చిన్న గుర్తింపు చిప్ అమర్చి, గెరాల్డ్ కెర్త్, ఆయన సహచరులు 1990ల నుంచి వాటి కదలికలను నమోదు చేస్తూ వచ్చారు. అక్కడి ఆడ గబ్బిలాల గుంపు ప్రతి కొద్ది రోజులకొకసారి తొర్ర మారుస్తుంది. ఒక్క వేసవిలోనే పదుల సంఖ్యలో తొర్రలను వాడుకుంటుంది. గుంపు అంతా ఒకేచోట ఉండాలన్న నియమం కూడా లేదు. రెండు మూడు ముక్కలుగా విడిపోయి వేర్వేరు చెట్లలో పగలు గడిపి, తరువాత మళ్ళీ కలుసుకుంటాయి. మగవి చాలావరకు ఒంటరిగానే ఉంటాయి.

ఇలా మారడానికి గల కారణాల్లో నాకు అత్యంత ఆసక్తికరంగా తోచినది పరాన్నజీవులది. గబ్బిలాల నెత్తురు తాగి బతికే రెక్కల్లేని ఈగ ఒకటి ఉంది. దాని ఆడది గబ్బిలం ఒంటిని వదిలి వచ్చి తన పిల్లపురుగును తొర్ర గోడకు అంటించి పోతుంది. అది అక్కడే గూడుకట్టి, కొన్ని వారాలకు ఈగగా మారి, లోపల పడుకున్న గబ్బిలాన్ని పట్టుకుంటుంది. ఆలోగా గబ్బిలాలు వేరే తొర్రకు వెళ్ళిపోతే పుట్టిన ఈగకు ఆహారం దొరకదు. పాములకు ఆచూకీ తెలియకుండా ఉండటం మరో ప్రయోజనం కావచ్చు.

ఇక ఎండ విషయం. చిన్న శరీరం త్వరగా వేడిని కోల్పోతుంది కనుక ఈ గబ్బిలాలు పగటిపూట ఒంటి ఉష్ణోగ్రతను తగ్గించుకొని, మొద్దునిద్రలాంటి స్థితిలో శక్తిని ఆదా చేస్తాయి. పాలిచ్చే తల్లికి అది నష్టం, ఎందుకంటే ఒళ్ళు చల్లబడితే పాలూ తగ్గుతాయి, పిల్ల ఎదుగుదలా మందగిస్తుంది. బెక్‌స్టైన్ గబ్బిలాలు ఈనడానికి ముందు చల్లని తొర్రలనూ, ఈనిన తరువాత వెచ్చని తొర్రలనూ ఎంచుకున్నట్లు తేలింది. అమెరికాలోని ఇండియానా గబ్బిలం కూడా ఎండ బాగా తగిలే మోడుల బెరడు కిందే పిల్లలను పెంచుతుంది. పచ్చని చెట్టుకు బెరడు బిగువుగా ఉంటుంది. చెట్టు ఎండిన తరువాత కొన్నేళ్ళపాటు మాత్రమే అది ఊడిపోకుండా ఎత్తుగా నిలిచి, లోపల చోటిస్తుంది. మీ మోడు ఆ దశలో ఉన్నట్లుంది. మన వేసవిలో ఆ వేడి మితిమీరి అవి తాత్కాలికంగా నీడపట్టుకు మారి ఉండవచ్చు.

కనుక ఈరోజు ఖాళీగా ఉన్నంత మాత్రాన ఆ చెట్టు వాటికి అక్కరలేనిదని అర్థం కాదు. అవి తిరిగే చెట్ల వరుసలో అది ఒకటి.

గుహాద్వారం (జవాబు)

పై జవాబుతో ఏకీభవిస్తూ ఒక హెచ్చరిక చేర్చదలిచాను: ఈ తీరు గబ్బిలాలన్నిటికీ వర్తించదు. నివాసం ఎంత తాత్కాలికమైనదైతే అంత తరచుగా మారడం, ఎంత శాశ్వతమైనదైతే అంతగా దాన్నే అంటిపెట్టుకోవడం సాధారణంగా కనిపించే తీరు. నారింజ, నలుపు రంగుల రెక్కలుండే చిత్రవర్ణ గబ్బిలం వేలాడే ఎండు అరటాకుల్లో పగలు గడుపుతుంది. ఆకు రాలితే ఇంకొక ఆకు. వెదురు గబ్బిలం బరువు కొద్ది గ్రాములే. పురుగు తొలిచిన సన్నని చీలికగుండా వెదురు కణుపుల మధ్య బోలులోకి దూరడానికి వీలుగా దాని పుర్రె బల్లపరుపుగా ఉంటుంది. నున్నని లోపలి గోడను పట్టుకోవడానికి బొటనవేళ్ళ మొదట్లోనూ పాదాలకూ మెత్తలు ఉంటాయి.

గుహల్లో ఉండే ఆకుముక్కు గబ్బిలాల పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. మన సరిహద్దుకు ఆవల, కర్ణాటకలోని కోలారు జిల్లా హనుమనహళ్ళి దగ్గర ఒకే ఒక్క గుహలో మిగిలిన కోలారు ఆకుముక్కు గబ్బిలాన్ని అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చారు. ఆ ప్రాంతంలో గ్రానైటు తవ్వకాలే దానికి పెద్ద ప్రమాదంగా మారాయి. దానికి మారడానికి ఇంకొక గుహ లేదు. మీ ఇప్పమోడు గబ్బిలాలకు ఇంకా వేరే చెట్లు ఉన్నాయి, కానీ మోడులన్నీ వంటచెరకుగా పోతే వాటి స్థితీ అదే అవుతుంది.

అడవంచు రైతు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిఫా వార్తలు చూసిన తరువాత ఇంట్లో పిల్లల గురించి అన్నయ్య కలవరపడుతున్నారు. అలాగే ఒక గబ్బిలం గంటకు వెయ్యి దోమలు తింటుందన్నది నిజమేనా?

తొర్రపక్షి

కేరళలో 2018 నుంచి బయటపడిన నిఫాకు సంబంధం పండ్లు తినే పెద్ద గబ్బిలాలతోనే కనిపించింది. మీరు చూసినవి పురుగులు తినేవి. అయినా ఏ గబ్బిలాన్నీ ఒట్టిచేత్తో పట్టుకోనివ్వకండి. కరిస్తే గాయాన్ని సబ్బుతో కడిగి, రేబిస్ టీకా కోసం వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. చెట్టు బెరడు కింద ఉన్నంతవరకు వాటివల్ల ఇంట్లోవారికి భయం లేదు.

దోమల లెక్క 1960లో వెలువడిన ప్రయోగాల నుంచి వచ్చింది. గదిలో దోమలు వదిలి, కొద్దిసేపట్లో గబ్బిలం బరువు ఎంత పెరిగిందో చూసి దాన్ని గంటకు లెక్కకట్టారు. అడవిలో అవి ఎక్కువగా రెక్కల పురుగులు, పెంకు పురుగులు తింటాయి, వాటిలో పంటలకు చేటు చేసేవీ ఉంటాయి. లేని ఘనత ఆపాదించకుండానే వాటిని కాపాడుకోవచ్చునని నా అభిప్రాయం.

మీరు చేయగలిగినవి చెబుతాను. చుట్టుపక్కల మద్ది, వేగిస చెట్ల తొర్రల కింద నేలను చూడండి. పుల్లతో నొక్కితే పొడిగా రాలిపోయి, అందులో పురుగుల రెక్కల ముక్కలు తళుక్కుమంటే అది గబ్బిలాల పెంట. ఎలుక పెంట అలా రాలదు, బల్లి పెంటకు తెల్లని కొస ఉంటుంది. అనుమానం ఉన్న చెట్టు దగ్గర పొద్దు గుంకే వేళ, సందు ఆకాశానికి ఎదురుగా కనిపించేలా కూర్చోండి. లోపలికి టార్చి వేయవద్దు. గాలివాన భయానికి మోడు మొత్తం తీయనవసరం లేదు. సందు ఖాళీగా ఉందని రెండు మూడు సాయంత్రాలు చూసి రూఢి చేసుకున్నాక, తోట వైపు వాలిన పైకొమ్మలు మాత్రమే కొట్టించి, బెరడు విడిన భాగాన్ని కదపకుండా కాండాన్ని ఉంచండి. బరువు తగ్గితే గాలికి ఊగడమూ తగ్గుతుంది, అన్నయ్యగారికి కొంత వంటచెరకూ దొరుకుతుంది.