945 కంటే ముందు బేసి అధిక సంఖ్య ఎందుకు లేదు?

ప్రశ్న:
ఒక సంఖ్యను మినహాయించి దాని మిగిలిన కారణాంకాలన్నింటినీ కూడినప్పుడు వచ్చే మొత్తం ఆ సంఖ్యను మించితే అధిక సంఖ్య అనీ, తగ్గితే లోప సంఖ్య అనీ, సరిగ్గా సమానమైతే పరిపూర్ణ సంఖ్య అనీ అంటారు. 100 వరకు చేత్తో లెక్కవేసి చూశాను. 12, 18, 20, 24 మొదలుకొని దొరికిన అధిక సంఖ్యలన్నీ సరి సంఖ్యలే. బేసి సంఖ్యలలో మొదటిది 945 అని చదివి, 1, 3, 5, 7, 9, 15, 21, 27, 35, 45, 63, 105, 135, 189, 315 కూడితే 975 వచ్చింది. ఇంతవరకు సందేహం లేదు. అయితే దీనికి ముందున్న 472 బేసి సంఖ్యలలో ఒక్కటి కూడా అధిక సంఖ్య కాదని తేల్చడానికి అన్నింటినీ పరీక్షించవలసిందేనా?

మొదటి జవాబు:
అక్కరలేదండీ, తొమ్మిదింటిని చూస్తే చాలు. సంఖ్యను కూడా కలుపుకొని కారణాంకాల మొత్తాన్ని ఆ సంఖ్యతో భాగిస్తే 2 కంటే ఎక్కువ రావాలి. ఈ భాగఫలంలో ఒక్కొక్క ప్రధాన సంఖ్య వాటా, దాని ఘాతాంకం ఎంత పెద్దదైనా, ఒక హద్దు దాటదు: 3 వాటా 3/2కు, 5 వాటా 5/4కు, 7 వాటా 7/6కు ఎప్పుడూ లోపే ఉంటుంది. 3, 5 రెండే ఉంటే 15/8 దాటదు కనుక కనీసం మూడు ప్రధాన సంఖ్యలు కావాలి. నాలుగు ఉంటే 3×5×7×11 = 1155, అంటే అప్పటికే 945 దాటిపోయాం. కాబట్టి సరిగ్గా మూడే. వాటిలో 5 లేకపోతే 3, 7, 11 కలిసినా 1.925 దాటదు, 3 లేకపోతే మరీ తక్కువ. మూడవదిగా 17 తీసుకుంటే 255/128, అదీ చాలదు. ఇక మిగిలేవి 7, 11, 13 మాత్రమే. అంటే 105, 315, 525, 735, 165, 495, 825, 195, 585.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. తొమ్మిదింటినీ లెక్కవేశాను, అన్నీ లోప సంఖ్యలే. అన్నింటికంటే దగ్గరగా వచ్చింది 315. దాని కారణాంకాల మొత్తం 13×6×8 = 624, కావలసింది 630. ఆరు తక్కువై ఆగిపోయిన ఆ 315ను మరొక 3తో గుణిస్తేనే 945 వస్తుందని గమనించినప్పుడు చాలా సంతోషం కలిగింది.

రెండవ జవాబు:
మీరు గమనించినదానికి ఒక పేరు కూడా ఉంది. 945 కారణాంకాలలో, అది తప్ప, ప్రతిదీ లోప సంఖ్యే; అటువంటి అధిక సంఖ్యను ప్రిమిటివ్ అధిక సంఖ్య అంటారు. పైగా అదనంగా వచ్చిన 30ని 27, 3 తీసివేసి సరిచేయవచ్చు కాబట్టి మిగిలిన కారణాంకాల మొత్తం సరిగ్గా 945 అవుతుంది. ఈ లక్షణం వల్ల ఇది సెమీపర్ఫెక్ట్ సంఖ్యల కోవలోకీ వస్తుంది. అధిక సంఖ్యకు గుణిజమైనది ఏదైనా అధిక సంఖ్యే కనుక 2835 వంటి బేసి అధిక సంఖ్యలకు అంతు లేదు. 945 తరువాతది మాత్రం 1575. 2తో గానీ 3తో గానీ భాగించబడని అధిక సంఖ్య కావాలంటే ఏకంగా 5391411025 వరకు వెళ్లాలి. 3 ఎంత భారం మోస్తున్నదో దీనినిబట్టి తెలుస్తుంది.

మూడవ జవాబు:
వర్గీకరణకు కాస్త పక్కనున్న విషయమే అయినా చెప్పకుండా ఉండలేకపోతున్నాను. 1×3×5×7×9 = 945. పదిమందిని ఐదు జతలుగా విడదీసే విధానాలు సరిగ్గా ఇన్నే: మొదటి వ్యక్తికి తొమ్మిదిమందిలో ఒకరిని, మిగిలినవారిలో మొదటి వ్యక్తికి ఏడుగురిలో ఒకరిని, ఇలా వరుసగా ఎంచుకుంటూ పోతే ఇదే లబ్ధం వస్తుంది. సహజ సంఖ్యల ఆరవ ఘాతాల వ్యుత్క్రమాలన్నింటినీ కూడితే π⁶/945 వస్తుందని ఆయిలర్ నిరూపించాడు. అక్కడ హారంలో నిలిచినది కూడా ఈ సంఖ్యే.