అప్‌డేట్: కొమ్ము బొమ్మల రీల్‌కి పాట దొరకట్లేదన్నాను కదా

పోయిన వారం అడిగాను కదా, పర్లాకిమిడిలో మా నాన్న పశువుల కొమ్ముతో చేసే కొంగ బొమ్మల ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌కి సినిమా పాటలేవీ రావట్లేదని. మీరు చెప్పిందే కరెక్ట్ అండి, చాలా థాంక్స్, నాది బిజినెస్ అకౌంట్, సరుకు అమ్ముకునే వీడియోలకి ఆ పాటల లైసెన్సు వర్తించదంట, అందుకే లిస్టులో కనపడవు. పర్సనల్ అకౌంట్‌కి మార్చేయమన్నారు కొందరు, కానీ అమ్మకానికి పెట్టేటప్పుడు అది సరికాదనిపించింది. ఇన్‌స్టాగ్రామ్ వాళ్ల కంపెనీ మెటా పెట్టిన సౌండ్ కలెక్షన్‌లో ఫ్రీగా దొరికే ఫ్లూట్ బిట్ ఒకటి తీసుకుని, దాని సౌండ్ బాగా తగ్గించేసి, నాన్న ఆకురాయితో కొంగ మెడ అరగదీస్తుంటే వచ్చే గరగర చప్పుడు పైకి పెట్టా. ఎంత బాగా కుదిరిందో! బరంపురం నుంచి మా పిన్ని ఫోన్ చేసి, ఆ చప్పుడు వింటే తాతయ్య గుర్తొచ్చాడే అని ఏడ్చేసింది.