చేపకు బదులు పనీర్: మాస్టర్‌చెఫ్ ఇండియా 7వ సీజన్‌లో జరిగింది న్యాయమేనా?

తాలింపు:

2023 జనవరి నుంచి మార్చి నెలాఖరు వరకు సోనీ టీవీలో ప్రసారమైన వంటల పోటీ మాస్టర్‌చెఫ్ ఇండియా 7వ సీజన్‌ను ఈ మధ్య మొదటి నుంచి మళ్ళీ చూశాను. వికాస్ ఖన్నా, రణ్‌వీర్ బ్రార్, గరిమా అరోరా న్యాయనిర్ణేతలుగా ఉన్న ఆ సీజన్‌లో అస్సాంకు చెందిన నయన్‌జ్యోతి సైకియా విజేత కావడంపై నాకు అభ్యంతరం ఏమీ లేదు. నా సందేహమంతా మధ్యలో వచ్చిన ఒక పోటీ గురించే. అందరూ చేపతో వండాల్సిన ఆ పోటీలో, మతాచారం వల్ల చేప, మాంసం ముట్టని ఒక పోటీదారుకు మాత్రం చేపకు బదులు పనీర్ తీసుకునే వీలు కల్పించారు. పక్షపాతం జరిగిందంటూ అప్పట్లో సామాజిక మాధ్యమాల్లో దుమారం రేగిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ దూషణలన్నీ ఆమె మీద పడటం నాకు అప్పుడూ నచ్చలేదు, ఎందుకంటే మినహాయింపు ఇవ్వాలా వద్దా అని తేల్చింది ఆమె కాదు.

అయితే ఆ మినహాయింపు సరైనదని మాత్రం నేను ఒప్పుకోలేను. చేప వండటంలో ఉన్న కష్టమంతా ఆ చేపలోనే ఉంది. పొలుసు తీయాలి, వెన్నెముక వెంట కత్తి నడిపి మాంసం చెదరకుండా ముక్క తీయాలి, వేలితో తడిమి సన్నముళ్ళు ఏరాలి, ఆపైన పెనం మీద చర్మం కరకరలాడుతూ లోపలి మాంసం తడి ఆరిపోకుండా చూసుకోవాలి. చేప మాంసం దాదాపు 50, 60 డిగ్రీల సెల్సియస్ మధ్యనే గట్టిపడుతుంది కాబట్టి ఒకటి రెండు నిమిషాలు ఏమరితే ఎండి విడిపోతుంది. పాలను పులుపుతో విరిచి చేసే పనీర్ వేడికి కరగదు, విడిపోదు, మరీ గట్టిపడితే వేడినీళ్ళలో వేసి మళ్ళీ మెత్తబరుచుకోవచ్చు. ఒకరికి తప్పు దిద్దుకునే అవకాశం ఉండి, మిగిలినవారికి లేనప్పుడు ఆ పళ్ళేలను ఒకే బల్ల మీద పెట్టి పోల్చడం ఎలా కుదురుతుందో ఎవరైనా చెప్పగలరా?

నేతిబీర:

తాలింపు గారూ, మీరు చేప గురించి చెప్పినదంతా నిజమే కావచ్చు, నేను వండలేదు కాబట్టి కాదనను. కానీ ఈ పోటీకి పిలిచింది హోటల్ వంటవాళ్ళను కాదు, ఇంట్లో వండుకునేవాళ్ళను. ఇంటి వంట అంటే ఆ ఇంటి ఆచారం కూడా అందులో భాగమే. ఆమె శాకాహారి అని తెలిసే, ఆమె శాకాహార వంటకం రుచి చూసే లోపలికి తీసుకున్నారు. తీసుకున్న తరువాత చేప చేతికిచ్చి వండమనడమంటే, ఏ గుణం చూసి ఎంపిక చేశారో ఆ గుణాన్నే వదులుకోమనడం కాదా?

ఇంకొక మాట కూడా చెప్పాలి. రుచి చూడనివారు మాంసం ఎలా వండగలరని కొందరు ఎగతాళి చేశారు. మా ఇంట్లో పండుగ నాడు నైవేద్యం పెట్టేదాకా ఏ వంటకాన్నీ రుచి చూడరు. మా అత్తగారు పులిహోరలో ఉప్పు సరిపోయిందో లేదో చింతపండు పులుసు ఉడికేటప్పుడు వచ్చే వాసనను బట్టి, నూనె పైకి తేలిన తీరును బట్టి చెబుతారు. నలభై ఏళ్ళలో ఆమె లెక్క తప్పడం నేను ఒకటి రెండుసార్లకు మించి చూడలేదు. కాబట్టి ఆ పోటీదారు చేతకాక చేప వండలేదని అనుకోవడం పొరపాటు. చేతనైనా వండనని చెప్పే హక్కు ఆమెకు ఉందా లేదా అన్నదే ఇక్కడి ప్రశ్న, ఉందనే నేను అంటాను.

కత్తిపీట:

మాది గోదావరి ఒడ్డు. చేప కోయడం చూస్తూ పెరిగినవాణ్ణి కనుక నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తున్నాను. అయినా ఇద్దరి వాదనల్లోనూ ఒక చిన్న తేడా కలిసిపోయిందని నాకు అనిపిస్తోంది. అమెరికా మాస్టర్‌చెఫ్ 3వ సీజన్‌లో, అంటే 2012లో, చూపు లేని క్రిస్టీన్ హా విజేతగా నిలిచారు. ఆమెకు పక్కనే ఒక సహాయకురాలు ఉండి ఏ వస్తువు ఎక్కడ ఉందో చెప్పేవారు. అది మినహాయింపే, కానీ అందువల్ల ఆమె వండాల్సిన పదార్థం మారలేదు. పని చేయడానికి కావలసిన దారి చూపించడం ఒకటి, పనినే మార్చివేయడం మరొకటి. పనీర్ విషయంలో జరిగింది రెండోది.

అదే కార్యక్రమం 6వ సీజన్‌లో భారతీయ మూలాలున్న హేతల్ వాసవడ శాకాహారి అయివుండి కూడా మాంసం వండి చాలా దూరం వెళ్ళారు. ఆమె అలా చేశారు కాబట్టి అందరూ చేయాలని నేను అనను, ఎవరి మనస్సాక్షి వారిది. అయితే వండనని నిర్ణయించుకున్నవారు ఆ నిర్ణయానికి పోటీలో కొంత మూల్యం చెల్లించవలసి వస్తుంది. ఆ మూల్యాన్ని నిర్వాహకులు మాఫీ చేస్తే, చేపతో కుస్తీ పట్టిన మిగతా పోటీదారులు దాన్ని భరించినట్టు అవుతుంది.

తాలింపు:

కత్తిపీట గారు చెప్పిన తేడా నాకు తట్టలేదు, కృతజ్ఞతలు. దానికి ఒక్కటి జోడిస్తాను. స్టార్ ప్లస్‌లో 2015లో వచ్చిన మాస్టర్‌చెఫ్ ఇండియా 4వ సీజన్‌ను పూర్తిగా శాకాహారానికే పరిమితం చేశారు. నికితా గాంధీ గెలిచిన ఆ సీజన్‌లో, మాంసం వండటంలో చేయి తిరిగిన పోటీదారు ఎవరైనా నాకు కూరగాయల మీద పట్టు లేదు, నాటుకోడి ఇవ్వండి అని అడిగి ఉంటే ఏమి జరిగేదో ఊహించుకోవచ్చు. ఇంటి ఆచారం అన్న మాట ఒక వైపు వారికే వర్తిస్తే అది నియమం కాదు, మొగ్గు మాత్రమే.

నేతిబీర:

ఇక్కడ నేను మీతో విభేదించక తప్పదు. మాంసం తినేవారు వంకాయ వండటానికి వారి విశ్వాసం అడ్డు రాదు, కేవలం అలవాటు లేకపోవచ్చు. అలవాటు లేకపోవడాన్నీ, చేయకూడదన్న నియమాన్నీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. అలాగే క్రిస్టీన్ హా ఉదాహరణ బాగుంది గానీ, ఆమెకు పదార్థంతో పేచీ లేదు, ఆ పోలిక ఇక్కడ సగమే సరిపోతుంది.

అయితే తాలింపు గారు పనీర్ గురించి మొదట అన్నదాన్ని రెండు రోజులు ఆలోచించాక ఒప్పుకుంటున్నాను. మినహాయింపు ఇవ్వడం తప్పు కాదు, బదులుగా ఇచ్చిన పదార్థం తప్పు. చేపకు సాటి పనీర్ కాదు, అరటిపువ్వు. అది కూర చేసినవారికే తెలుస్తుంది దాని సంగతి. చేతులకు నూనె రాసుకుని కూర్చోవాలి, లేకపోతే జిగురు నల్లగా అంటుకుని రెండు రోజుల వరకు వదలదు. ఒక్కొక్క దొప్ప తీస్తూ, దాని కింద వరుసగా ఉన్న చిన్నచిన్న పువ్వులను విడదీసి, ప్రతి పువ్వు మధ్యలో గుండ్రటి తలతో నిలబడి ఉండే గట్టి కాడనూ, దాని పక్కన ఉన్న పలుచని పొరనూ గిల్లి పారేయాలి. ఆ కాడ ఎంత ఉడికినా మెత్తబడదు. తరిగిన ముక్కలు వెంటనే మజ్జిగలో వేయకపోతే కళ్ళ ముందే నల్లబడతాయి. సన్నముళ్ళు ఏరడానికి దీనికీ పెద్ద తేడా ఉందంటారా? ఇలాంటి పదార్థం ఆమె ముందు పెట్టి ఉంటే ఆ రోజు పక్షపాతం అన్న మాట చాలామంది నోట వచ్చేది కాదు.

కత్తిపీట:

అరటిపువ్వు అన్నాక నా దగ్గర వాదన తగ్గిపోయింది, నిజాయితీగా చెబుతున్నాను. కానీ ఒక షరతు. ఆ మార్పిడి పోటీ రోజున న్యాయనిర్ణేతల దయగా కనిపించకూడదు. ఎంపిక సమయంలోనే, చేప లేదా మాంసం వచ్చిన ప్రతిసారీ శాకాహారికి ఏ పదార్థం ఇస్తారో, ఎంత సమయం ఇస్తారో రాసి అందరి చేతా సంతకం చేయించాలి. తాలింపు గారు చెప్పిన 4వ సీజన్‌కు, దీనికి నాకు కనిపించే అసలు తేడా అదే. అక్కడ నియమం అందరికీ ఒకటే, పైగా పోటీ మొత్తానికి వర్తించింది. ఇక్కడ ఒక్క రోజు, ఒక్క బల్ల దగ్గర మారింది. చూసేవారికి అది తూకంలో మోసంలా తోచడంలో వింత లేదు.

తాలింపు:

సంతకం సంగతి నాకు సమ్మతమే. అరటిపువ్వు కూడా సమ్మతమే, అది ఇచ్చి ఉంటే నేను ఈ చర్చ మొదలుపెట్టేవాణ్ణి కాదు. అయినా నేతిబీర గారిని ఒకటి అడగాలి. ఇలాంటి పోటీల్లో చేతికి దొరికే సమయం గంట, మహా అయితే గంటన్నర. అందులో అరటిపువ్వు బాగుచేసి, వండి, పళ్ళెంలో అందంగా అమర్చడం సాధ్యమేనా?

నేతిబీర:

ఒక్క పువ్వు బాగుచేయడానికే నాకు నలభై నిమిషాలు పడుతుంది, అదీ పక్కన ఎవరూ మాట్లాడించకపోతే. గంటలో కష్టమే. చేపవాళ్ళకూ అంతే కష్టమని మీరే కదా అన్నారు.