వాలంటీర్ల మధ్య తగవులు తీర్చడానికి ఏ పద్ధతి పెట్టుకోవాలి?

ప్రశ్న:
మేము 40 మందిమి, జీతాలు లేకుండా ఫ్రీ సాఫ్ట్‌వేర్‌ను అనువదిస్తాం. అందరికీ ఆన్‌లైన్ పరిచయమే. గత నెల ‘ఫైల్’ అని ఉంచాలా, ‘దస్త్రం’ అనాలా అని ఇద్దరి మధ్య గొడవ మొదలైంది. ఒకరు మార్చింది ఇంకొకరు రాత్రికి రాత్రి తిప్పేయడం. వారం తిరక్కుండా మాట మీద గొడవ మనుషుల మీదికి వెళ్లింది. అడ్మిన్‌ని నేనే. ఇద్దరిలో ఒకరు నా పాత స్నేహితురాలు. ఆవిడ వాదనే సరైనదనిపించి, ఆవిడ రాసినట్టే ఉంచి పేజీని లాక్ చేశాను. రెండో ఆయన ఒక్క మాటా అనకుండా వెళ్లిపోయారు. మూడేళ్లుగా మా పనిలో సగం మోసిన మనిషి. అప్పటినుంచి నాకు సరిగా నిద్ర పట్టడం లేదు. ఇది మళ్లీ జరగకూడదంటే ఏం చెయ్యాలి?

జవాబు 1:
ఇంగ్లిష్ వికీపీడియాలో 2004 నుంచి ఒక నియమం ఉంది. ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి ఇతరుల మార్పుల్ని తిప్పేస్తే, కొంతకాలం ఏ మార్పూ చెయ్యకుండా నిరోధం పడవచ్చు. తన వాదనే సరైనదన్నది సాకుగా చెల్లదు. 40 మందే కాబట్టి మీకు ఒక్కసారి చాలు. ఒకసారి తిప్పాక చర్చకు రావాల్సిందే.

జవాబు 2:
ఇలాంటి బృందంలో పదేళ్లు ఫిర్యాదులు చూశాను. ముందు రెండిటినీ విడదీయండి: ఏ మాట వాడాలన్నది ఒకటి, ఎవరు ఎవర్ని ఏమన్నారన్నది ఇంకొకటి. వికీపీడియాలో తగవులు విచారించే ఆర్బిట్రేషన్ కమిటీ కూడా వ్యాసంలో ఏముండాలో తేల్చదు, సభ్యుల ప్రవర్తననే విచారిస్తుంది. మాట మీద తగవైతే, సంబంధం లేని మూడో మనిషిని అడగండి, చాలావరకు అక్కడే తెగుతుంది. ప్రవర్తన మీద ఫిర్యాదైతే ముగ్గురు కూర్చోవాలి, స్నేహం ఉన్నవారు ఎవరూ అడగకముందే తప్పుకోవాలి. అప్పీలు వేరేవాళ్లు వినాలి.

వేధింపు ఫిర్యాదు వస్తే మాత్రం ‘ముందు మీరిద్దరూ మాట్లాడుకోండి’ అనకండి. మేము ఒకసారి ఫిర్యాదు చేసిన ఒకావిడతో అలా అన్నాం. ఆవిడ మళ్లీ ఫిర్యాదు చెయ్యలేదు. సర్దుకుందనుకున్నాం. నాలుగు నెలల తర్వాత చూస్తే, ఆవిడ ఆ రోజు నుంచి లాగిన్ కాలేదు. ఆ తప్పు నాదే, ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇంకోటి, ఫిర్యాదు అందిందని రెండు రోజుల్లో చెప్పండి. తీర్పు ఆలస్యమైనా ఓర్చుకుంటారు గానీ, ఉలుకూ పలుకూ లేకపోతే నమ్మకం పోతుంది.

జవాబు 3:
డెబియన్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో ఒక డెవలపర్ నిర్ణయాన్ని అక్కడి టెక్నికల్ కమిటీ కొట్టేయాలంటే 3:1 మెజారిటీ కావాలి. పని చేసే మనిషి మాటకు విలువ ఉండాలని నేనూ నమ్ముతాను. మీరు లాక్ చేసే ముందు ఇంకో ఇద్దరినైనా అడగాల్సింది.

ప్రశ్న అడిగినవారు:
నిజమే, అడగాల్సింది. లాక్ తీసేశాను. స్నేహితురాలికి చెప్పే తీశాను, ఆవిడ కాస్త నొచ్చుకుంది. ఆ మాట సంగతి తేల్చడానికి ఇద్దరితోనూ పెద్దగా పరిచయం లేని ముగ్గురిని అడిగాను, ఒప్పుకున్నారు. ఆయనకు నిన్న రాత్రి ఉత్తరం రాశాను. తిరిగి రమ్మని అడగలేదు. నేను పక్షం వహించానని ఒప్పుకుని, క్షమించమన్నాను. ఇంకా జవాబు రాలేదు.