నాన్నకి వినికిడి తగ్గింది, అమ్మ మాట్లాడటమే మానేసింది.. మీ ఇళ్లల్లో ఎలా నెట్టుకొస్తున్నారు?

తెనాలి అమ్మాయి:
నాన్నకి 74, అమ్మకి 68. చెవి మిషన్ కొనిచ్చాం గానీ డబ్బాలోనే ఉంటోంది. మొన్న నేనక్కడున్నప్పుడే అమ్మ వంటింట్లోంచి "ఏవండీ, కాలు లాగేస్తోందండీ" అంది, ఓపక్క కుక్కర్ కూత, నాన్న పేపర్లోంచి తలెత్తకుండా "పాలు ఫ్రిజ్‌లో పెట్టాగా" అన్నారు. అమ్మ మళ్లీ చెప్పలేదు, పీట మీద కూర్చుని బామ్ రాసుకుంది. నాకు ఏడుపొచ్చేసింది. గట్టిగా చెప్తే "ఎందుకలా అరుస్తావ్" అని ఆయనకి కోపం. ఏం చేయాలి చెప్పండి ప్లీజ్

భీమవరం పిన్ని:
మీ అమ్మ పడుతున్నదే నేనూ పడ్డానమ్మా. పక్క గదిలోంచి పిలవడం పూర్తిగా మానేశా, దగ్గరికెళ్లి భుజం తట్టి, ఆయన నా మొహం చూశాకే మాట మొదలెడతా. రాత్రి లైటార్పాక కబుర్లు చెప్పుకునేవాళ్లం, అది పోయింది, మిషన్ తీసేస్తారు కదా పైగా చీకట్లో పెదాలు కనపడవు, ఆ బాధ నాకిప్పటికీ ఉంది. దాని బదులు పొద్దున్నే టీవీ పెట్టకముందు కాఫీ దగ్గర అరగంట కూర్చుంటాం.

చెవి పరీక్షల ఉద్యోగి:
నేను ఆడియాలజిస్ట్‌నండి. వయసుతో ముందు పోయేది కీచుగా ఉండే సన్నటి శబ్దాలు, క త ప స లాంటివాటికి తేడా తెలిసేది వాటివల్లే, అందుకే కాలు కాస్తా పాలైంది. అరిస్తే అచ్చు పెద్దగా వినపడుద్ది గానీ హల్లు తేలదు. మామూలు గొంతుతో నిదానంగా చెప్పమనండి, అందకపోతే అదే మాట మళ్లీ అనకుండా "మోకాలు నొప్పి" అని మార్చి చెప్పాలి. ముందు గుబిలి ఉందేమో చూపించి, మిషన్ మళ్లీ సెట్ చేయించండి, అమ్మగారిని కూడా తీసుకెళ్లండి. మొదట్లో రోజూ గంటో రెండు గంటలో, సద్దులేని చోట మిషన్ పెట్టుకోమనండి.

వరంగల్ పెద్దమనిషి:
నాకే వినవడదు బిడ్డా, 71 ఏండ్లు. ఏం అర్థంగాకున్నా ఊకె తలకాయ ఊపుతుంటి, అది పెద్ద తప్పు. ఇప్పుడు వినవడ్డ ముక్క తిరిగి చెప్త, "ఆదివారం పెండ్లి అన్నవ్, ఎవరిది?" అంట, మా ఇంటామె ఆ ఒక్కటే చెప్తది. ఇంకోటి, ఏమన్నవ్ అని అడిగితే "ఏం లేదు తీయ్" అనొద్దని మీ అమ్మకు చెప్పు, ఆ మాట మస్తు గుచ్చుకుంటది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్ల అలీ యావర్ జంగ్ సంస్థ సెంటర్ ఉన్నది, చెవి పరీక్షలు చేస్తరు.

బెంగళూరు కొడుకు:
ఆండ్రాయిడ్‌లో లైవ్ ట్రాన్స్‌క్రైబ్ యాప్ ఉంది, తెలుగు కూడా వస్తుంది. మాట్లాడింది అక్షరాల్లో పడుతుంది, డాక్టర్ దగ్గర మా అమ్మకి బాగా పనికొచ్చింది.

తెనాలి అమ్మాయి:
అందరికీ థాంక్సండీ. గుబిలి చాలా వచ్చింది! మిషన్ సెట్ చేయించాం, పొద్దున పూట పెట్టుకుంటున్నారు. అమ్మ ఇప్పుడు హాల్లోకొచ్చి ఎదురుగా కూర్చునే చెప్తోంది, నిన్న ఇద్దరూ మా మేనమామ పొలం గొడవ గురించి గంటసేపు మాట్లాడుకున్నారు. భోజనాల దగ్గర మాత్రం స్టీలు కంచాల చప్పుడు భరించలేక తీసేస్తున్నారు, దానికేం చేయాలి?

చెవి పరీక్షల ఉద్యోగి:
అది సెట్టింగ్‌లో తగ్గించొచ్చండి, కంచాల సంగతి అలాగే చెప్పండి అక్కడ. ఈలోపు టేబుల్ మీద మందపాటి గుడ్డ పరవండి.