డాపలి చెయ్యి ఏది?

విజయనగరం: నలభై దాటినా నాకు కుడి ఎడమలు తడబడతాయి. గంటస్తంభం దగ్గర వెనక కూర్చున్నవారు ‘ఎడమకు తిప్పు’ అంటే, స్కూటరు ఆపి గాలిలో ‘శ్రీ’ రాసి చూసుకుంటాను. రాసిన చెయ్యి కుడి. చిన్నప్పుడు నా కోసమే తాత, కృష్ణుడు గోపబాలురతో చల్దులు ఆరగించే పోతన భాగవత పద్యం ఒకటి కంఠతా పట్టించారు: ‘మీఁగడ పెరుగుతో మేళవించిన చల్దిముద్ద... చేత’. ఆ మధ్య మాట ‘డాపలి’యా, ‘వలపలి’యా? ఏదైనా సరే, అది ఏ చెయ్యి?

బొబ్బిలి: డాపలి. సందేహమెందుకు? పై పాదంలోనే ‘డా చంక నిఱికి’ అన్నాడు కదా. కొమ్మూ బెత్తమూ ఎడమ చంకలో, ముద్ద ఎడమ చేతిలో.

నరసన్నపేట: మా వైపు ‘దాపల’ అంటాం. దున్నేటప్పుడు ఎడమ పక్కది దాపటెద్దు, కుడి పక్కది వెలపటెద్దు. దాపు అంటే దగ్గర, వెలి అంటే బయట. ఇందులో డకారం ఎక్కడిది?

బొబ్బిలి: మాస్టారూ, ‘వెల’ కాదు, ‘వల’. వలకేలు, వలచెయ్యి మరిచారా? తమిళంలో ఇప్పటికీ కుడి ‘వలమే’. ఇక ‘ఎడ’లో అచ్చు వెనక్కి జరిగి ‘డా’ అయింది, ‘ఉరలు’ ‘రోలు’ అయినట్టే. ‘ద’ తర్వాత వచ్చింది. ‘దాపు’ దీనికి చుట్టమే కాదు.

నరసన్నపేట: గిడుగు వారు పుట్టిన జిల్లా మాది. నాగలి పట్టినవాడి నోట్లో మాట తప్పంటే ఒప్పుకోను.

టెక్కలి: అక్షరం సంగతి అలా ఉంచండి. ఎడమ చేత్తో తినడమేమిటి? మా అమ్మ చూస్తే ఊరుకునేదా?

బొబ్బిలి: తినలేదండీ, పట్టుకున్నాడు. మూలమైన సంస్కృత భాగవతంలోనూ ‘వామే పాణౌ’, అంటే ఎడమ చేతిలో, అనే ఉంది. అసలు రుచి ఆ తర్వాత. సంస్కృతంలో వేళ్ల సందుల్లో ఉన్నవి ఫలాలు, పోతన వాటిని ‘కొసరి తెచ్చిన యూరుఁగాయలు’ చేశాడు! కొసరి అన్న మాట ఒక్కటి చాలు, ఆ పిల్లలు ఇంట్లో ఎంత మారాం చేశారో కనిపిస్తుంది.

టెక్కలి: మామిడా, ఉసిరికా?

శ్రీకాకుళం: అడిగినవారికి నాదొక ఉపాయం. అరసవల్లిలో ప్రదక్షిణం చేసేటప్పుడు దేవుడు ఏ పక్కనుంటే అదే కుడి. దక్షిణం అంటేనే కుడి కదా. తూర్పుకు తిరిగి నిలబడితే దక్షిణ దిక్కూ అటే.

విజయనగరం: నాలుగు రోడ్ల మధ్య దేవుణ్ణి ఎక్కడ వెతకనండీ? పైగా నా చిక్కు ఇప్పుడు తెలిసింది. తాత పద్యం చెబుతూ గోడమీది బొమ్మ చూపించేవారు. అందులో కృష్ణుడు నాకు ఎదురుగా నిలబడ్డాడు. ఆయన డాపలి చెయ్యి నాకు ఏ పక్క?

నరసన్నపేట: అందుకే ఎద్దులంటున్నాను. వాటి వెనక నిలబడతాం, ఆ తికమక ఉండదు. దాపల, వెలపల.

బొబ్బిలి: వలపల.