క్లాడింగ్‌కు (గోడకు రాతి పలకలు అతికించే పనికి) అడ్డొస్తున్న పరంజా టైలను (పరంజాను గోడకు పట్టి ఉంచే కట్లను) మార్చే క్రమం ఏమిటి?

స్టీలు పైపుల పరంజా, ఎత్తు 18 మీటర్లు, వెడల్పు 1.2 మీటర్లు. పైపులు 48.3 మి.మీ.వి. బేస్ ప్లేట్ల కింద చెక్క దిమ్మెలున్నాయి, గార్డ్ రైళ్లు, టో బోర్డులు సరిగానే ఉన్నాయి. సమస్యల్లా టైలతోనే. ఎత్తులో ప్రతి 4 మీటర్లకు, ఒక నిలువు పైపు విడిచి ఒకదానికి, కాంక్రీటులో యాంకర్ (రంధ్రంలో బిగించే బోల్టు) వేసి కట్టారు. ఇప్పుడు రాతి పలకలు అతికించాలంటే రెండో వరస మొత్తం అడ్డొస్తోంది.

ఆ వరస తీసేసి, పలకలు పెట్టాక మళ్లీ కడతామని మేస్త్రీలు అంటున్నారు. నాకది ఒప్పుకోదగ్గ పనిగా తోచడం లేదు. తీసిన చోట రెండు ఆధారాల మధ్య దూరం 8 మీటర్లవుతుంది, నిలువు పైపు గోడ వైపుకో బయటికో వంగడానికి అంత చోటు దొరికినట్టే. పైగా బయట దుమ్ము వల చుట్టారు. వల ఉంటే గాలి తోపు ఎంత పెరుగుతుందో తెలిసిందే (మొదటి డిజైన్‌లో వల లెక్క లేదు).

తెలిసినవారు చెప్పండి: కొత్త టై బిగించాకే పాతది విప్పుతూ, ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోతే చాలా? కొత్తది అడ్డ పైపు కలిసే ముడికి 300 మి.మీ. లోపల పడకపోతే అదనపు బ్రేసింగ్ (ఏటవాలు ఆధారపు పైపులు) వేయాలా? కిటికీ గూట్లో జాకీతో బిగించే టైలు వదులవుతాయి కదా, వాటిని ఎన్నింటికి మించి వాడకూడదు? కొత్త యాంకర్లలో ఎన్నింటికి లాగుడు పరీక్ష చేయిస్తారు, ఎంత బరువుతో? వల విప్పేసి పని చేయించడం మేలా?